ఊరంతా కూర్చుని నేర్చుకున్న పాఠం

అమెరికాలో కూతురింటికి వెళ్లిన అమ్మమ్మలు చూసొచ్చేవి ఏముంటాయి? నయాగరా జలపాతం, స్వేచ్ఛా ప్రతిమ, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి. అవన్నీ నేనూ చూశాను. ఫొటోలూ తీయించుకున్నాను. కానీ తిరిగొచ్చాక మా వీధిలోవాళ్లకి పదేపదే చెబుతున్నది మాత్రం వాటి గురించి కాదు. ఓ మున్సిపల్ ఆఫీసు గురించి, ఓ మిఠాయి ఫ్యాక్టరీ గురించి, మిరియపు గింజంత గుళికలో నాలుగు చుక్కల నీళ్లు పోసి మా మనవరాలు నేర్చుకున్న పాఠం గురించి!

మా అమ్మాయి వాళ్లుండేది బోస్టన్ శివారులో. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏప్రిల్ మూడోవారం బళ్లకు సెలవులు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి వెళ్లిపోతే, ఏడో తరగతి చదివే మనవరాలికి నేను కాపలా, నాకు తను కాపలా. ఓ రోజు ఊరి లైబ్రరీ నుంచి ఓ కాగితం పట్టుకొచ్చింది. ‘సింథటిక్ బయాలజీ... పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు. ప్రవేశం ఉచితం. ఇంట్లో పెద్దవాళ్లూ రావచ్చు’ అని ఉంది దానిమీద.

‘‘అమ్మమ్మా, నువ్వు సైన్సు టీచర్‌వి కదా, వస్తావా?’’ అంది.

నేను ముప్ఫై ఏళ్లపాటు గుంటూరు జిల్లా పల్లెల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. అయినా ఆ పేరు చూడగానే గుండె కాస్త జారింది. జన్యువులతో ఆటలా? అదీ పన్నెండేళ్ల పిల్లలకా?

లైబ్రరీలో ప్రయోగశాల

మంగళవారం ఉదయం వెళ్లాం. కథల పుస్తకాల అలమరాల పక్కన నాలుగు బల్లలు వేశారు. పదిహేను మంది దాకా పిల్లలు, వాళ్ల వెనక కుర్చీల్లో నాలాంటి పెద్దవాళ్లు. పాఠం చెప్పే అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో. ముందు అందరి చేతా చేతులకు గ్లోవ్స్ తొడిగించింది. బల్లమీద తినుబండారాలు ఉండకూడదంది. ఆ తర్వాత ‘‘మీ ఇళ్లల్లో ఎవరైనా ఇన్సులిన్ వాడతారా?’’ అని అడిగింది.

నేను చెయ్యెత్తాను. పదకొండేళ్లుగా రాత్రిపూట సూది వేసుకుంటున్నాను మరి!

ఒకప్పుడు ఇన్సులిన్ పందుల నుంచి, పశువుల నుంచి తీసేవారు. 1978లో శాస్త్రవేత్తలు మనిషి ఇన్సులిన్‌కి సంబంధించిన జన్యువును ఈ-కొలి అనే బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత ఆ ఇన్సులిన్ తయారు చేయించారు. 1982లో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే నేను భయపడుతున్న ఆ విద్యే రోజూ రాత్రి నా ఒంట్లోకి వెళుతోందన్నమాట. మనవరాలు వెనక్కి తిరిగి నావంక చూసి నవ్వింది.

ఇంతకీ సింథటిక్ బయాలజీ అంటే ఏమిటి? ఆ అమ్మాయి బల్లమీది దీపాన్ని చూపించి చెప్పింది. బల్బు ఏ కంపెనీదైనా కావచ్చు, హోల్డరు ఏ కంపెనీదైనా కావచ్చు. కొలతలు ఒకటే కాబట్టి ఇది అందులో సరిపోతుంది. జన్యువుల్ని కూడా అలా కొలతలు కుదిరిన విడిభాగాలుగా చేసిపెట్టుకుంటే? కావలసినవి ఎంచుకుని, వరసగా అమర్చి, జీవకణం చేత కొత్త పని చేయించవచ్చు కదా! టామ్ నైట్ అనే కంప్యూటర్ ఇంజినీరుకి ఈ ఆలోచన వచ్చింది. కేంబ్రిడ్జిలోని ఎంఐటీలో 2003లో ఆయన ఆ విడిభాగాలకు ‘బయోబ్రిక్స్’ అని పేరు పెట్టారు.

తర్వాత ఒక్కో పిల్లకీ చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇచ్చారు. అడుగున తెల్లటి గుళిక. అందులో ప్రాణమున్న బ్యాక్టీరియా లేదు. బ్యాక్టీరియాని చితక్కొట్టి, ప్రొటీన్లు తయారుచేసే దాని లోపలి సరంజామాని మాత్రం తీసుకుని, గడ్డకట్టించి ఎండబెట్టారు. మన అప్పడాల్లా నిలవుంటుంది. నీళ్లు తగిలితే మళ్లీ పని మొదలుపెడుతుంది. దాంట్లో పెరిగేదీ, పిల్లలు పెట్టేదీ ఏమీ ఉండదు కాబట్టి బడిపిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు. ఎంఐటీ, నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో ‘బయోబిట్స్’ పేరుతో ఈ పద్ధతిని బడుల కోసం సిద్ధం చేశారు.

పిల్లలు ఆ గుళికల మీద డీఎన్‌ఏ కలిపిన నీటిచుక్కలు వేశారు. కొందరికి ఎర్రగా మెరిసే ప్రొటీన్ జన్యువు, కొందరికి ఆకుపచ్చది. ఆ ఆకుపచ్చ ప్రొటీన్‌ని మొదట సముద్రంలోని జెల్లీచేపలో కనిపెట్టినాయన ఒసాము షిమొమురా. 2008లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరు. వేసవిలో భార్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని, తలా ఒక వల పట్టుకుని జెల్లీచేపల్ని పోగుచేసేవారట! ఆ కథ చెప్పేసరికి పిల్లల మొహాలు వెలిగిపోయాయి.

గొట్టాలన్నీ వెచ్చటి పెట్టెలో పెట్టి, గురువారం రమ్మన్నారు. అందరం లేవబోతుంటే ఓ తల్లి నిలబడింది. ‘‘ఇది మా పిల్లల చేతికి ఇచ్చేముందు ఎవరిని అడిగారు? ఇలాంటివి ఊళ్లో చెయ్యొచ్చని ఎవరు నిర్ణయిస్తారు?’’

నేనైతే నొచ్చుకునేదాన్ని. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ‘‘సరిగ్గా ఇదే ప్రశ్న 1976లో కేంబ్రిడ్జి ఊరు అడిగింది. సెలవులే కదా, వీలైతే వెళ్లి చూసి రండి. గురువారం దాని గురించే మాట్లాడుకుందాం’’ అంది.

శాస్త్రవేత్తల్ని నిలదీసిన మేయరు

బుధవారం అల్లుడు మమ్మల్ని ఏల్‌వైఫ్ స్టేషన్లో దించాడు. ‘‘జాగ్రత్త అత్తయ్యా, సెంట్రల్‌లో దిగండి’’ అని రెండుసార్లు చెప్పాడు. రెడ్‌లైన్ రైల్లో హార్వర్డ్ దాటాక వచ్చేదే సెంట్రల్. బయటికొస్తే చలిగాలి ఈడ్చి కొట్టింది. ఏప్రిల్లోనూ శాలువా తప్పని ఊరది. మసాచుసెట్స్ ఎవెన్యూ వెంట రెండు నిమిషాలు నడిస్తే కేంబ్రిడ్జి సిటీహాల్. రాతి కట్టడం, పైన గడియారపు గోపురం. నూట ముప్ఫై ఏళ్లు దాటిందంటే నమ్మలేం.

ఇక్కడ జరిగిన కథ మా టీచర్లందరికీ తెలియాల్సిన కథ. 1976లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం జన్యువుల్ని అతికించే పరిశోధనల కోసం ప్రత్యేకమైన ల్యాబ్ కట్టుకుంటామంది. అప్పటికది కొత్త విద్య. శాస్త్రవేత్తల్లోనే కొందరు ప్రమాదమన్నారు, కొందరు ఫర్వాలేదన్నారు. మేయరు ఆల్‌ఫ్రెడ్ వెలుచీకి హార్వర్డ్ అంటే మొదట్నుంచీ పడదు. వాళ్ల ప్రాంగణాన్ని పార్కింగ్ స్థలంగా మార్చేస్తానని బెదిరించిన మనిషాయన! జూన్ 23న శాస్త్రవేత్తల్ని సిటీహాల్‌కి పిలిపించారు. హాలు కిటకిటలాడింది. మీ అక్షరాల పేర్లూ పొట్టిమాటలూ మాకు తెలియవు, మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పండని ముందే షరతు పెట్టారాయన. జులైలో రెండోసారి విచారణ జరిగింది. మూడు నెలలపాటు ఆ పరిశోధనలు ఆపమని కౌన్సిల్ కోరింది.

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. నిర్ణయించడానికి ఊరివాళ్లతోనే ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు ఇళ్లకు చమురు సరఫరా చేసే వ్యాపారి. సభ్యుల్లో ఆస్పత్రి నిర్వహించే ఓ క్రైస్తవ సన్యాసిని, ఓ డాక్టరు, ఓ భవనాల ఇంజినీరు, వీధి సమస్యలమీద తిరిగే ఓ గృహిణి లాంటివాళ్లు ఉన్నారు. జన్యువులమీద పరిశోధన చేసేవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లంతా వందగంటలకు పైగా కూర్చుని డీఎన్‌ఏ అంటే ఏమిటో నేర్చుకున్నారు. రెండువైపుల వాదనలూ విన్నారు. 1977 జనవరిలో నివేదిక ఇచ్చారు. పరిశోధనలు చేసుకోండి, కానీ ప్రభుత్వం చెప్పినదానికన్నా ఇంకొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి, ఊరి తరఫున పర్యవేక్షణ ఉండాలి అని. ఫిబ్రవరిలో అది ఊరి చట్టమైంది. అమెరికాలో ఇలాంటి చట్టం చేసిన మొదటి ఊరు ఇదే.

సమావేశాల గది తలుపు తీసి ఉంటే తొంగిచూశాం. లోపల ఎవరూ లేరు. ‘‘అయితే ఆ చమురాయన సైన్సు చదవలేదా అమ్మమ్మా?’’ అంది మనవరాలు.

‘‘చదవలేదే. కమిటీలో కూర్చున్నాకే నేర్చుకున్నాడు.’’

‘‘మరి మీ ఊళ్లో కూడా ఇలా అడిగారా?’’

నాకు చప్పున జవాబు రాలేదు. ఓ పిల్లవాడు గుర్తొచ్చాడు.

2003 అనుకుంటా. అంతకుముందు ఏడాదే మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మా బడి పిల్లల్లో సగంమంది పత్తి రైతుల బిడ్డలే. తొమ్మిదో తరగతి కుర్రాడు లేచి, ‘‘టీచర్, పత్తి మొక్కలోనే పురుగుని చంపేది పెట్టారంటగా, ఆ ఆకు మా మేక తింటే ఏమవుద్ది?’’ అన్నాడు. ‘‘సిలబస్‌లో లేదు, కూర్చో’’ అన్నాను. నిజం చెప్పాలంటే నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. బడిలో ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపుని కూడా స్టాకు రిజిస్టరులో లెక్క తప్పుతుందని బీరువాలో పెట్టి తాళం వేసినదాన్ని. ఆ కుర్రాడు మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు.

2010లో బీటీ వంకాయ వచ్చినప్పుడు మాత్రం కేంద్రప్రభుత్వం ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టింది. మన హైదరాబాద్ వాటిలో ఒకటి. రైతులు, శాస్త్రవేత్తలు, జనం వచ్చి గట్టిగా వాదించుకున్నారు. ఫిబ్రవరి 9న ఆ వంకాయను నిలిపేశారు. పేపర్లో చదివి, మడిచి పక్కన పెట్టాను. నా క్లాసులో దాని మాటే ఎత్తలేదు. ఈ సంగతులన్నీ ఆ మెట్లమీద కూర్చుని మనవరాలికి చెప్పాను.

పిప్పర్‌మెంటు వాసన వీధి

అక్కడి నుంచి మెయిన్‌స్ట్రీట్ మీదుగా కెండాల్ స్క్వేర్‌దాకా నడక. ఇరవై నిమిషాల దారి, మోకాళ్ల నొప్పులతో నాకు నలభై. కొంచెం దూరం వెళ్లగానే గుప్పుమని పిప్పర్‌మెంటు వాసన! 810 నెంబరు భవనం మిఠాయి ఫ్యాక్టరీ. పుదీనా రుచి చాక్లెట్లు చేస్తారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా మిఠాయి, సబ్బుల ఫ్యాక్టరీలే. ఇప్పుడు ఎటుచూసినా మందుల కంపెనీలు, ల్యాబులు. ఎంఐటీ పక్కనే ఉండటం ఒక కారణమైతే, 1977 చట్టం మరొకటి. నిబంధనలేమిటో ముందే తేలిపోయాయి కాబట్టి కంపెనీలు ధైర్యంగా వచ్చాయంటారు ఇక్కడివాళ్లు. అడ్డుపడుతుందనుకున్న ఊరే చివరికి ఆ పరిశ్రమకి రాజధాని అయింది.

ఇంకాస్త ముందుకెళితే 700 నెంబరు. పాత ఇటుకల కట్టడం. 1876 అక్టోబరు 9న ఇక్కడున్న వాట్సన్, బోస్టన్‌లో ఉన్న గ్రాహంబెల్ తీగమీద ఇటూ అటూ మాట్లాడుకున్నారు. దూరంగా ఉన్న ఇద్దరు టెలిఫోన్లో సంభాషించుకోవడం అదే మొదలు. తర్వాత కాలంలో పోలరాయిడ్ కెమెరాల ఎడ్విన్ లాండ్ ఇక్కడే ప్రయోగాలు చేశారు. 2013 నుంచి కొత్త కంపెనీలకు ల్యాబులు అద్దెకిచ్చే ‘ల్యాబ్‌సెంట్రల్’ ఇందులో నడుస్తోంది. ఎంఐటీ అధ్యాపకురాలు నటాలీ కుల్‌డెల్ 2011లో ప్రారంభించిన ‘బయోబిల్డర్’ సంస్థ పిల్లలకు పాఠాల ల్యాబ్ పెట్టింది కూడా ఈ కప్పు కిందే. వాళ్లు టీచర్లకూ శిక్షణ ఇస్తారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ‘జెన్‌స్పేస్’ అనే ల్యాబ్ 2010లోనే ఊరందరి కోసం తలుపులు తెరిచింది.

బయోబిల్డర్ పాఠాల్లో ఒకటి వింటే మీకూ నవ్వొస్తుంది. ఈ-కొలి సహజంగా దుర్వాసన కొడుతుంది. 2006లో ఎంఐటీ విద్యార్థులు దానికి వాసన మార్చారు. పెరుగుతున్నంతసేపూ మనం నొప్పులకు రాసుకునే మలాము వాసన, పెరగడం ఆగిపోయాక అరటిపండు వాసన! ‘ఐజెమ్’ అనే పోటీ కోసం చేశారది. 2004లో అయిదు విశ్వవిద్యాలయాలతో మొదలైన ఆ పోటీకి ఇప్పుడు మన దేశంతో సహా ఎన్నో దేశాల నుంచి వందల జట్లు వస్తున్నాయి. హైస్కూలు పిల్లలకూ విడిగా విభాగం ఉంది.

అదే వీధిలో మరో దృశ్యం నా కాళ్లని ఆపేసింది. ఒకవైపు అద్దాల మేడల్లో ల్యాబులు. ఆ పక్కనే ఎర్రఇటుకల మూడంతస్తుల ఇళ్లు. న్యూటౌన్ కోర్ట్. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం కట్టిన ఇళ్లవి. రోజూ ఆ అద్దాల ముందు నుంచే బడికెళ్లే పిల్ల, లోపల ఏం జరుగుతోందో ఎప్పటికీ తెలుసుకోలేకపోవచ్చు. లైబ్రరీలో, వీధి సంఘాల్లో పాఠం ఎందుకు పెట్టాలో నాకక్కడ అర్థమైంది. బడి అందరికీ ఉంటుంది గానీ ల్యాబ్ తాళంచెవి కొందరి దగ్గరే ఉంటుంది. మా బీరువాలాగే.

పిల్లల కౌన్సిల్

గురువారం లైబ్రరీలో దీపాలార్పి, నీలం లైటు వేసి, పసుపురంగు అద్దం అడ్డంపెట్టారు. ‘హా’ అన్నారు పిల్లలు. గొట్టాలు మిణుగురుల్లా వెలుగుతున్నాయి. మా పిల్లది మాత్రం వెలగలేదు! మొహం చిన్నబుచ్చుకుంది. డీఎన్‌ఏ చుక్క గొట్టం గోడకే అతుక్కుపోయి ఉండొచ్చంది ఆ అమ్మాయి. ‘‘వెలగకపోతే ఎందుకు వెలగలేదో రాసుకోవాలి. అదీ ప్రయోగమే’’ అంటే, నా మనవరాలు పెదవి బిగించి నోట్సు రాసుకుంది.

తర్వాత కుర్చీలు గుండ్రంగా వేసి, పిల్లల్నే సిటీ కౌన్సిల్ చేశారు. ఒకరు మేయరు, ఒకరు రైతు, ఒకరు డాక్టరు, ఒకరు కంపెనీ మనిషి. చర్చించాల్సిన విషయం ఏమిటంటే, ఇదే ఎండు గుళికల పద్ధతిలో నార్త్‌వెస్ట్రన్ పరిశోధకులు నీళ్లలో ఫ్లోరైడ్‌ని కనిపెట్టే పరీక్ష తయారుచేశారు. నీటిచుక్క వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువుంటే రంగు తేలుతుంది. కోస్టారికాలో ఓ అగ్నిపర్వతం దగ్గర నీటిమీద పరీక్షించి చూశారు కూడా. ఇలాంటిది ఊళ్లోకి తెస్తే ఎవరు వాడాలి? ఫలితం ఎవరికి చెప్పాలి? బావి చెడ్డదని తేలితే మంచినీళ్లు ఎవరివ్వాలి?

మా పిల్ల చెయ్యెత్తింది. ‘‘మా అమ్మమ్మ వాళ్ల దేశంలో నల్గొండ అని ఉంది...’’

నేను ఉలిక్కిపడ్డాను. ముందురోజు రాత్రి పాఠం పేరు చెప్పి ఫ్లోరైడ్ అంటే ఏమిటని అడిగితే, నల్గొండలో, మా వైపు కనిగిరిలో వంకర్లు పోయిన కాళ్లతో, పచ్చబడ్డ పళ్లతో ఉన్నవాళ్ల గురించి చెప్పాను. అవన్నీ తను అక్కడ ఇంగ్లిషులో చెబుతుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. ‘‘నీళ్లు చెడ్డవని వాళ్లకి ఎప్పుడో తెలుసు. కాబట్టి పరీక్ష ఒక్కటే చాలదు. పరీక్షతోపాటు నీళ్లు కూడా ఇస్తామంటేనే నేను ఓటేస్తాను’’ అంది. రైతు వేషంలో ఉన్న కుర్రాడు ఒప్పుకోలేదు. పక్కపక్క బావుల్లోనే తేడా ఉంటుంది కదా, ఏది మంచిదో తెలిస్తే కనీసం దాన్ని వాడుకుంటారు, ముందు పరీక్ష రానివ్వమన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. ఓటింగులో మా పిల్ల ఓడిపోయింది. ఇంటికొచ్చేదాకా నాతో వాదిస్తూనే ఉంది.

మొన్న ప్రశ్న అడిగిన తల్లి కూడా వచ్చింది. చివరిదాకా కూర్చుంది. వచ్చేసారి గ్లోవ్స్ పంచే పని తను చూసుకుంటానని పేరు రాయించుకుంది.

మా అరుగుమీద అరటిపండు

ఇంటికి వచ్చి రెండు నెలలైంది. మా వీధి పిల్లల్ని ఆదివారాలు అరుగుమీద కూర్చోబెడుతున్నాను. ఎండు గుళికలూ నీలం లైట్లూ నా దగ్గర లేవు. అరటిపండు ఉంది. మీరూ చేసి చూడొచ్చు. సగం పండుని మెత్తగా చిదిమి, అరగ్లాసు నీళ్లు, చెంచా ఉప్పు, చెంచా గిన్నెలు తోమే ద్రవం నురగ రాకుండా కలపాలి. పలుచటి గుడ్డలో వడకట్టాలి. ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచిన సర్జికల్ స్పిరిట్‌ని గ్లాసు అంచువెంట మెల్లగా పొయ్యాలి. ఆ పని పెద్దవాళ్లే చెయ్యాలి. దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. అయిదు నిమిషాల్లో రెండు పొరల మధ్య తెల్లటి పోగులు తేలతాయి. పుల్లతో చుట్టి పైకి తీయొచ్చు. కోట్ల కణాల్లోంచి వచ్చిన డీఎన్‌ఏ అలా ముద్దగా చేరుతుంది. నోట్లో పెట్టుకోకూడదు సుమా!

మొదటి ఆదివారం తొమ్మిదిమంది వచ్చారు. పోగులు తేలగానే అరుపులూ కేకలూ. అంతా అయ్యాక ఓ పిల్ల, కిరాణాకొట్టాయన మనవరాలు, ఆ పుల్లని ఎండకి పెట్టి చూస్తూ అడిగింది. ‘‘అమ్మమ్మగారూ, మనం తిన్న అరటిపండులో కూడా ఇది ఉందిగా. మరి మనలో అరటి ఎందుకు మొలవదు?’’

‘‘కడుపులో అరిగిపోతుంది కదా. అరిగి ముక్కలైపోతుంది’’ అన్నాను.

‘‘అంతా అరిగిపోద్దా? ఒక్కటి కూడా మిగలదా?’’

ఇదివరకటి నేనైతే కూర్చోమనేదాన్ని. ‘‘నాకు తెలియదమ్మా. కనుక్కుందాం’’ అన్నాను. నోటు పుస్తకంలో తేదీ వేసి, తన పేరుతో ఆ ప్రశ్న రాసుకున్నాను. హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబులోకి జనాన్ని అనుమతించే రోజు సెప్టెంబరులో ఒకటుంటుంది. పిల్లల్ని తీసుకెళ్లాలని చూస్తున్నాను. ఈ పుస్తకం కూడా పట్టుకెళతాను. అందులో ఇప్పటికి పదిహేడు ప్రశ్నలున్నాయి. అన్నిటికన్నా పైన, ఇరవై ఏళ్లు ఆలస్యంగా, మేకది రాశాను.